పిల్లి టబ్బులో ఏం పోయాలి, కుక్క మెడకు ఏం కట్టాలి: నల్లగొండ, పాలమూరు ఇళ్లకు పర్యావరణహితమైన ఎంపికలు

పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే షాపుకు వెళ్తే ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ కనిపిస్తుంది. 'బయోడీగ్రేడబుల్', 'నేచురల్', 'హెర్బల్' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ధర మామూలు సరుకు కంటే ఎక్కువే. కొనేవాళ్ల ఉద్దేశం మంచిదే. ఇంట్లో కుక్కనో పిల్లినో ప్రాణంగా చూసుకునేవాళ్లు చెరువులో చేపకో రోడ్డు మీది ఆవుకో కీడు జరగాలని కోరుకోరు. కానీ వాడి పారేశాక ఆ వస్తువు మన ఊళ్లో ఎక్కడికి పోతుందో ఆ బొమ్మ చెప్పదు. పెద్ద నగరంలో సరిపోయేది దేవరకొండలోనో జడ్చర్లలోనో సరిపోకపోవచ్చు. అక్కడ దొరకనివి మన దగ్గర సందు చివరే దొరకవచ్చు కూడా.

అందుకే నేను ఏ వస్తువునైనా మూడు ప్రశ్నలతో పోల్చి చూస్తాను. జంతువుకు హాని లేదా? ఎక్కడి నుంచి, దేనితో తయారై వచ్చింది? వాడాక ఎక్కడికి పోతుంది? ఈ వరుస మార్చకూడదు. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయిన వస్తువుకు మిగతా రెండు అడగనక్కర్లేదు. ప్రకృతి నుంచి వచ్చినంత మాత్రాన మంచిదైపోదు. దానికి మన జిల్లాల్లోనే ఒక ఉదాహరణ ఉంది: ఆముదం చెక్క. మొక్కలకు మంచి సేంద్రియ ఎరువని కుండీల్లో వేస్తారు. దాని వాసనకు కుక్కలు ఆశపడి తవ్వి తింటాయి. ఆముదం గింజలో ఉండే రైసిన్ అనే విషం చెక్కలోనూ మిగిలి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. కుక్క ఉన్న ఇంట్లో కుండీలకు వేప పిండి వేసుకోండి, లేదా బాగా మాగిన పశువుల ఎరువు వేసుకోండి. ఆముదం చెక్క బస్తా కుక్క తిరిగే చోట ఉండనే కూడదు.

పిల్లి టబ్బు: ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే

పిల్లి ఉన్న ఇంట్లో ఏడాదికి అన్నిటికంటే ఎక్కువ బరువైన చెత్త వచ్చేది లిట్టర్ నుంచే, అంటే పిల్లి మలమూత్రాల కోసం పెట్టే టబ్బులో పోసే మట్టి, పొట్టు లాంటి వాటి నుంచే. కాబట్టి ఒక్కటే మార్చగలిగితే ఇదే మార్చండి.

షాపులో ఎక్కువగా అమ్ముడయ్యేది బెంటొనైట్ మట్టి. తడి తగలగానే గడ్డ కడుతుంది. ఆ గడ్డను గరిటెతో తీసేస్తే మిగతాది శుభ్రంగా ఉంటుంది, వాసన కూడా బాగా ఆపుతుంది. వాడకానికి దీన్ని మించింది లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే అది గుజరాత్‌లోని కచ్ వైపు, రాజస్థాన్ వైపు నేలను తవ్వి తీసే ఖనిజం. అక్కడి నుంచి లారీలో మన దాకా వస్తుంది, నెల వాడాక డంపింగ్ యార్డులో మట్టికుప్పగా మిగులుతుంది. కుళ్లదు, ఎరువు కాదు. కాలువలో పోస్తే ఉబ్బి గడ్డకట్టి పైపు మూసేస్తుంది. చిన్న పిల్లికూనలు దాన్ని నాకి మింగితే కడుపులోనూ గడ్డ కట్టే ప్రమాదం ఉంది. కాబట్టి రెండు మూడు నెలలు దాటేదాకా కూనలకు గడ్డకట్టే రకం వద్దు.

సిలికా జెల్ గుళికలు తేలిగ్గా ఉంటాయి, ఎక్కువ రోజులు వస్తాయి. అవీ కుళ్లేవి కావు. మట్టి కంటే తక్కువ పరిమాణం పారేస్తాం, అంతే తేడా.

టోఫు లిట్టర్ సోయా పిప్పితో చేస్తారు. గడ్డ కడుతుంది, కుళ్లిపోతుంది, దుమ్ము తక్కువ. వీటిలో నాకు నచ్చిన గుణాలు ఇవే. ధర ఎక్కువ, దూరం నుంచి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో వస్తుంది, వానాకాలం మూత సరిగ్గా పెట్టకపోతే బూజు పడుతుంది, చీమలు పడతాయి. దాని మీద 'టాయిలెట్‌లో ఫ్లష్ చేయొచ్చు' అని రాసి ఉంటే ఆ మాట నమ్మి పోయకండి. మన ఇళ్లలో చాలావాటికి ఉన్నది సెప్టిక్ ట్యాంకు. పైగా పిల్లి మలంలో ఉండగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి నీళ్లలోకి చేరడం మంచిది కాదు.

ఇక మన దగ్గర దొరికేవి చూద్దాం. సామిల్లు పొట్టు, వరి ఊక, పల్లీ పొట్టు, ఇసుక, పాత పేపరు.

ఇసుకను ముందే పక్కన పెట్టేద్దాం. ఊళ్లల్లో పిల్లికి ఇసుక పోయడం పాత అలవాటే. కానీ బరువు, వాసన ఆపదు, తడిసిందంతా మార్చాలి. దుందుభి అయినా మూసీ అయినా, వాగులో ఇసుక తోడేకొద్దీ పక్క పొలాల బోర్లలో నీళ్లు లోతుకు పోతాయి. పిల్లి టబ్బు కోసం దాన్ని కోరుకోవడం పర్యావరణహితం అనిపించుకోదు.

వరి ఊక మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల దగ్గర బస్తాల లెక్కన దొరుకుతుంది. మన కోళ్ల ఫారాల్లో నేల మీద పరిచేది ఇదే. ఇప్పుడు మిల్లుల బాయిలర్లకు అదే ఇంధనం కాబట్టి పూర్వంలా ఊరికే ఇవ్వకపోవచ్చు, అయినా చవకే. దీని లోపం ఒకటుంది. ఊకలో సిలికా ఎక్కువ, పైపొర గట్టిగా, నున్నగా ఉంటుంది. అందుకని మూత్రాన్ని పీల్చుకోకుండా కిందికి జారవిడుస్తుంది. తేలిక కాబట్టి పిల్లి తవ్వినప్పుడల్లా గదంతా పరుచుకుంటుంది. ఒక్క ఊకే పోస్తే రెండో రోజుకే టబ్బు అడుగున నీళ్లు నిలిచి వాసన వస్తుంది. సామిల్లు పొట్టు కింద అర అంగుళం పరుపుగా వేస్తే మాత్రం గాలి ఆడి పనికొస్తుంది.

పల్లీ పొట్టు పాలమూరులో కొదవ లేదు. నలగ్గొట్టి పోస్తే ఊక కంటే బాగా పీలుస్తుంది. కానీ పల్లీలకు పట్టే బూజు విషపూరితమైనది. తడి తగిలిన బస్తా, నల్లమచ్చలున్న పొట్టు అస్సలు వాడొద్దు. ఎండాకాలం కోతల తర్వాత, కళ్లంలో ఎండిన పొట్టు అయితేనే సరే.

నా ఓటు సామిల్లు పొట్టుకే. పీల్చుకునే గుణం మంచిది, చెక్క వాసన మూత్రపు వాసనను కొంత అణిచేస్తుంది, వాడాక మట్టిలో కలుస్తుంది. మన ఊళ్లో ఇప్పటికే మిగిలిపోతున్న సరుకు కాబట్టి దీని కోసం కొత్తగా ఏదీ తవ్వనక్కర్లేదు, నరకనక్కర్లేదు. అయితే ఏ పొట్టు పడితే అది తేకూడదు. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసే బోర్డు) కోసిన పొట్టులో జిగురు రసాయనాలు ఉంటాయి. చెదలు పట్టకుండా మందు కొట్టిన చెక్క పొట్టూ వద్దు. టేకు పొడి ముక్కుకు, చర్మానికి పడదు. సామిల్లులో అడిగితే ఏ కుప్ప దేనిదో వాళ్లే చెప్తారు. వడ్రంగి రందా పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా రాలేది దొరికితే ఇంకా మంచిది, దానిలో దుమ్ము ఉండదు.

తెచ్చిన పొట్టును గోధుమపిండి జల్లెడలో వేసి ఆరుబయట జల్లించండి. కిందికి రాలే మెత్తటి పొడి పిల్లి ముక్కుకూ మనకూ మంచిది కాదు, దాన్ని మొక్కల మొదట్లో పోసేయండి. జల్లెడలో మిగిలిన గరుకు పొట్టును పరదా మీద పరిచి ఒక పూట ఎండబెట్టండి. గుప్పెట్లో గట్టిగా పిసికి వదిలితే ముద్ద కట్టకుండా రాలిపోవాలి. ముద్ద కడితే ఇంకా తేమ ఉన్నట్టే. టబ్బులో రెండు మూడు అంగుళాల మందాన పోసి, గట్టిది ఏ రోజుకారోజు తీసేసి, మూడు నాలుగు రోజులకు మొత్తం మార్చాలి. బెంటొనైట్‌లా గడ్డ కట్టదు కాబట్టి ఈ మార్చే పని తప్పదు. ఆ ఓపిక లేనివాళ్లు చెక్క గుళికలు కొనుక్కోవచ్చు. అవి తడికి పొడిగా విచ్చుకుంటాయి, మామూలు పొట్టు కంటే ఎక్కువ పీలుస్తాయి, ధర మధ్యస్తం.

పాత పేపరు ముక్కలు రోజువారీకి చాలవు. కానీ పిల్లికి ఆపరేషన్ అయినప్పుడు కుట్లకు పొట్టు అంటుకోకుండా వారం పదిరోజులు అవే మేలు.

వాడిన పొట్టు కూరగాయల మళ్లలో వేయకూడదు. ఇందాక చెప్పిన టాక్సోప్లాస్మా గర్భిణులకు, కడుపులోని బిడ్డకు ప్రమాదం. మలంతో బయటికి వచ్చిన గుడ్లు అంటించే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. రోజూ తీసేయమనడం అందుకే. ఇంట్లో గర్భిణి ఉంటే టబ్బు పని వేరేవాళ్లు చేయాలి. పెరడు ఉన్నవాళ్లు బోరుకు, బావికి దూరంగా రెండడుగుల గొయ్యి తీసి, పొట్టు వేసినప్పుడల్లా మట్టి కప్పుతూ పోతే సరిపోతుంది. ఆ చోట కానుగ లాంటి తినని చెట్టు పెంచుకోవచ్చు.

పెరడు లేని పైఅంతస్తు వాళ్లు, సామిల్లు దగ్గర లేనివాళ్లు టోఫు లేదా చెక్క గుళికలు తీసుకుని, తీసిన గడ్డను పేపర్లో చుట్టి మున్సిపాలిటీ బండికి ఇవ్వడం సరైన దారి. ఇక ఏది మార్చినా పిల్లి ఒప్పుకోవాలి. పాత లిట్టర్‌లో కొత్తది గుప్పెడు గుప్పెడు పెంచుతూ రెండు మూడు వారాల్లో మార్చండి. టబ్బు నచ్చక పిల్లి మూత్రం ఆపుకుంటే, ముఖ్యంగా మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోయి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాపాయం రావచ్చు. ఎంత ప్రయత్నించినా బెంటొనైట్ తప్ప మరోటి ముట్టని పిల్లి ఉంటే దానికి బెంటొనైటే పోయండి. అందులో తప్పేమీ లేదు.

కుక్క మలం: సంచి కొనాలా, పార పట్టాలా

'బయోడీగ్రేడబుల్' అని రాసిన సంచులన్నీ ఒకటి కావు. కొన్ని మామూలు ప్లాస్టిక్‌లోనే ఒక మందు కలిపి, ఎండకు ముక్కలయ్యేలా చేసినవి. అవి కరగవు, కంటికి కనిపించని ప్లాస్టిక్ తునకలుగా మారి మట్టిలో ఉండిపోతాయి. అసలు కొనదగ్గవి 'కంపోస్టబుల్' అని, ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు ముద్రించి ఉన్నవి. మన దేశంలో 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. కంపోస్టబుల్ సంచులకు ఆ మందం నిబంధన లేదు గానీ ఆ సర్టిఫికెట్ తప్పనిసరి.

సర్టిఫికెట్ ఉన్న సంచి కూడా పూర్తిగా కుళ్లాలంటే దాదాపు 58 డిగ్రీల వేడి నిలిచే పెద్ద కంపోస్టు ప్లాంటు కావాలి. డంపింగ్ యార్డులో మామూలు చెత్త కింద పడితే అది చాలాకాలం సంచిలాగే ఉంటుంది. కాబట్టి మన పట్టణాల్లో ఆ అదనపు డబ్బుకు దక్కే ఫలితం తక్కువ.

నేను చెప్పేది పేపరు, చిన్న పార. పొద్దున నడకకు వెళ్లేటప్పుడు రెండు మడతల పాత పేపరు, తోటపనికి వాడే చేతిపార చాలు. పేపరు మీదికి ఎత్తి చుట్టేయడమే. అచ్చంపేట, కొల్లాపూర్ వైపు మోదుగు ఆకుల విస్తర్లు దొరికే చోట చిరిగిన విస్తరి ఇంకా బాగా పనిచేస్తుంది, తడికి చిరగదు. ఇంటికి తెచ్చి గోతిలో వేసి మట్టి కప్పండి. వానాకాలం, అపార్ట్‌మెంటు, లిఫ్టులో తీసుకురావడం లాంటి ఇబ్బంది ఉంటే సర్టిఫికెట్ ఉన్న సంచి వాడండి. రోడ్డు మీద వదిలేయడం మాత్రం అన్నిటికంటే చెడ్డ ఎంపిక. కుక్క మలంలో ఉండే కొంకి పురుగు, ఏలికపాము గుడ్లు వట్టికాళ్లతో తిరిగే పిల్లలకు చేరతాయి. ఏ సంచి వాడినా, కుక్కకు డాక్టరు చెప్పిన గడువుకు నులిపురుగుల మందు వేయడం మరవద్దు.

పిడుదులు: వేపనూనె చాలుతుందా

ఈ విషయంలో మాత్రం నేను షాపు సరుకు, డాక్టరు మందు వైపే ఉంటాను. మన ఎండలకు, మన నేలకు పిడుదులు ఏడాది పొడవునా ఉంటాయి. వాటితో వచ్చే జ్వరం కుక్కను కొద్ది రోజుల్లో కుదేలు చేస్తుంది. తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే అదే రోజు పశువుల ఆసుపత్రికి పరుగెత్తాలి.

వేపనూనె పిడుదులను కొంతవరకు దగ్గరికి రానివ్వదు, పట్టినవాటిని చంపే శక్తి తక్కువ. ఒకటీ అరా కనిపించే కుక్కకు, కొబ్బరినూనెలో కొద్దిగా కలిపి రాయడానికి అభ్యంతరం లేదు. ఒళ్లంతా పట్టిన కుక్కకు దాని మీదే ఆధారపడితే జ్వరాన్ని కోరి తెచ్చుకున్నట్టే. పిల్లులకైతే వేపనూనె రాయొద్దు. అవి ఒళ్లంతా నాక్కుంటాయి, వాటికి పడదు. కర్పూరం కలిపిన నూనె, టీ ట్రీ నూనె కుక్కకైనా పిల్లికైనా విషమే, ప్యాకెట్ మీద హెర్బల్ అని ఉన్నా సరే. ఇంకో ముఖ్యమైన సంగతి: కుక్కల కోసం అమ్మే పర్‌మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం. రెండూ ఉన్న ఇంట్లో మందు కొనేముందు ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి.

మందుల్లో దేన్ని ఎంచుకోవాలంటే, ఇక్కడ మన చెరువులను లెక్కలోకి తీసుకోవాలి. నీళ్లలో కలిపి ఒళ్లంతా తడిపే డెల్టామెత్రిన్ మందులు చేపలకు అతి తక్కువ మోతాదులోనే విషం. బక్కెట్లో మిగిలిన మందునీళ్లు మోరీలో పోస్తే అది చెరువుకే చేరుతుంది. మెడ మీద చుక్కలుగా వేసే ఫిప్రోనిల్ తక్కువ పరిమాణమే అయినా నీటి పురుగులకు, తేనెటీగలకు హానికరం. బ్రిటన్‌లో నదుల నీళ్లను పరీక్షిస్తే పెంపుడు జంతువులకు వేసే ఇలాంటి మందుల ఆనవాళ్లు దొరికాయి. నోటితో ఇచ్చే మాత్ర ఒంటి మీద ఉండదు, స్నానంతో కొట్టుకుపోదు. అందుకని చెరువులో, కాలువలో ఈత కొట్టే కుక్కకు, డాక్టరు సరేనంటే, నేను మాత్రనే ఎంచుకుంటాను. ధర ఎక్కువే. కానీ ఒక్క మాత్ర, రకాన్ని బట్టి, నెల నుంచి మూడు నెలల దాకా పనిచేస్తుంది. మూర్ఛ వచ్చే కుక్కలకు ఈ మాత్రలు పడకపోవచ్చు, ఆ సంగతి ముందే చెప్పాలి.

చుక్కల మందే వేస్తే కనీసం రెండు మూడు రోజులు స్నానం, ఈత వద్దు. నీళ్లలో కలిపి ఒళ్లు తడిపే డిప్పు మందే గతి అయితే లేబుల్ చెప్పినంతే కలపండి. మిగిలినవి మోరీలో గానీ చెరువు దగ్గర గానీ పారబోయొద్దు. ఆ సీసాను కడిగి వాడుకోవద్దు, పిల్లలకు అందనివ్వొద్దు.

మందు ఏదైనా సగం పని ఇంటిదే. కుక్కల పిడుద జీవితంలో ఎక్కువ కాలం కుక్క మీద ఉండదు. గోడ పగుళ్లలో, తలుపు చట్రం సందుల్లో, పడక మడతల్లో దాక్కుని గుడ్లు పెడుతుంది. పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. పడక గుడ్డను వేడినీళ్లలో ఉతికి మే నెల ఎండలో బండ మీద ఆరేయండి. ఒంటి మీద కనిపించినదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగి సబ్బునీళ్లలో వేయండి, వేళ్లతో నలపొద్దు. పెరట్లో నాటుకోళ్లు ఉన్న ఇళ్లలో అవి పిడుదులను ఏరుకు తింటాయి. మందు కొట్టిన చోట మాత్రం కోళ్లను తిరగనివ్వకండి.

స్నానం, నేల కడగడం

కుంకుడుకాయ, షాంపూ రెండింటిలో ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కుంకుడు చాలు. ఎనిమిది పది కాయలు గింజ తీసి వేడినీళ్లలో నానబెట్టి, పిసికి, గుడ్డతో వడకట్టాలి. కళ్లలో పడితే బాగా మండుతుంది కాబట్టి తలకు పట్టించకుండా తడిగుడ్డతో తుడవండి. బాగా కడిగేయాలి, లేకపోతే చర్మం పొడిబారుతుంది. ప్లాస్టిక్ సీసా మిగలదు, అదే పెద్ద లాభం. అయినా కుంకుడు రసం చేపలకు మత్తెక్కించి చంపుతుంది. చెరువు గట్టున కుక్కను కుంకుడుతో రుద్ది నీళ్లలోకి దింపే పని చేయకండి. చర్మవ్యాధి ఉన్న కుక్కకు డాక్టరు రాసిన షాంపూనే వాడాలి. మనం వాడుకునే షాంపూ, సబ్బు రెండూ దానికి పనికిరావు.

నేల తుడవడానికి నల్ల ఫినాయిలు చాలా ఇళ్లలో ఉంటుంది. పిల్లి ఉన్న ఇంట్లో అది వద్దేవద్దు. ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం విరిచి బయటికి పంపలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, విషం లోపలికి పోతుంది. మూత్రం పడిన చోట ముందు బ్లీచింగ్ వేయడం కూడా ప్రమాదమే. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరాడనివ్వని వాయువు పుడుతుంది. వేడినీళ్లు, కొద్దిగా బట్టల పౌడరుతో కడిగి, ఆరాక వెనిగర్ నీళ్లతో తుడిస్తే వాసన పోతుంది. ఖర్చూ తక్కువే.

తిండి, నీళ్లు

ప్యాకెట్ మేత సంచులు ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతికించినవి. పాత సామాన్ల వాళ్లు కూడా కొనరు. అంతమాత్రాన ఇంటి తిండే మంచిదని కళ్లుమూసుకుని చెప్పలేను. అన్నం, పెరుగు మాత్రమే తిని పెరిగిన కుక్కకు మాంసకృత్తులు, కాల్షియం చాలవు. మన దగ్గర వీలైన మధ్యదారి: జొన్న గట్క లేదా అన్నం, దాంట్లో చికెన్ షాపులో మిగిలే కాలేయం, కందనకాయ, మెడ మాంసం ఎముకలు తీసి ఉడికించి, ఒక కోడిగుడ్డు, సొరకాయో గుమ్మడికాయో. ఎలాగూ పారేసే భాగాలు వాడుతున్నాం కాబట్టి దీనికోసం ప్రత్యేకంగా కోడిని పెంచనక్కర్లేదు. కాలేయం కొద్దిగానే వేయండి, రోజూ ఎక్కువైతే విటమిన్ ఎ మితిమీరుతుంది. ఉడికిన ఎముకలు చీలి గుచ్చుకుంటాయి కాబట్టి పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ పెట్టొద్దు. కాల్షియం ఎంత కలపాలో డాక్టరును అడిగి వేయండి.

పిల్లికి మాత్రం శాకాహార 'గ్రీన్' మేత అని ఎవరైనా అమ్మితే వద్దనండి. టారిన్ అనే పోషకం పిల్లికి మాంసం నుంచే రావాలి. అది చాలకపోతే కళ్లు, గుండె దెబ్బతింటాయి. పిల్లికి మంచి ప్యాకెట్ మేతే సురక్షితం. పెద్ద సంచి ఇద్దరు ముగ్గురు కలిసి కొని, మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాల్లో పంచుకుంటే ఖాళీ సంచుల సంఖ్య తగ్గుతుంది. విడిగా తూచి అమ్మే మేత వద్దు. గాలికి నూనె ముక్కిపోతుంది.

నీళ్ల విషయంలో మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ ప్రాంతాల వాళ్లకు వేరే జాగ్రత్త కావాలి. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మనుషులకు ఏం చేసిందో మనందరికీ తెలుసు. పశువుల పళ్లు, ఎముకలు కూడా అలాగే దెబ్బతింటాయి. కుక్కకు, ఆవుకు కూడా మిషన్ భగీరథ నీళ్లే పెట్టండి. బోరు నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కుక్క కోసం ప్రత్యేకంగా ఆర్వో పెట్టించాల్సిన పని లేదు. అది శుద్ధి చేసేదానికంటే పారబోసే నీళ్లే ఎక్కువ.

గిన్నె సంగతి తేల్చడం సులువు. స్టీలు కొనండి. పగలదు, గీతల్లో మురికి చేరదు, పదేళ్ల తర్వాత కూడా తూకానికి అమ్ముకోవచ్చు. 'వెదురు గిన్నె' అని అమ్మేవాటిలో చాలావరకు వెదురు పొడిని మెలమైన్ అనే ప్లాస్టిక్ జిగురుతో అచ్చు పోసినవే. కుళ్లవు, తిరిగి కరిగించడానికీ పనికిరావు. ఎండాకాలం నీళ్లకు కుమ్మరి చేసిన వెడల్పాటి మట్టి మూకుడు స్టీలు కంటే మేలు, నీళ్లు చల్లగా ఉంటాయి. ఇప్పటికే ఇంట్లో ప్లాస్టిక్ గిన్నె ఉంటే దాన్ని పారేసి కొత్తది కొనడం పర్యావరణానికి మేలేమీ కాదు. గీతలు పడేదాకా అదే వాడి, ఆ తర్వాత కుండీ కింద పళ్లెంగానో, మేత కొలవడానికో వాడండి.

పడక, తాడు

ఫోము పరుపు, పాలిస్టర్ బొచ్చు పడకలు మన ఎండలకు కుక్కే ఇష్టపడదు. పాత నూలు చీరలతో కుట్టిన బొంతకు సాటి లేదు. ఉతకొచ్చు, ఎండేయొచ్చు, చిరిగితే మళ్లీ అతుకు వేయొచ్చు. గోనె సంచి చవకే గానీ పోగుల మధ్య పిడుదులు దాక్కుంటాయి. పైన నూలు గుడ్డ తొడిగి, తరచూ ఎండేస్తేనే వాడండి. ఎరువుల బస్తా, మందుల బస్తా మాత్రం ఎంత కడిగినా వద్దు.

నడకకు తీసుకెళ్లే బలమైన కుక్కకు నూలు తాడు ఒప్పుకోను. కొరికి తెంపుకుని రోడ్డు మీదికి పోతే పర్యావరణం సంగతి తర్వాత. మంచి కుట్టు ఉన్న నైలాన్ పట్టీ ఏళ్ల తరబడి వస్తుంది, అదే కొనండి. నెమ్మదైన కుక్కకు దళసరి నూలు పట్టీ చాలు. ఆవులు, గేదెల విషయం దీనికి తిరగబడుతుంది. ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కి పోగులు లేచి మెడ కోసుకుపోతుంది, ఆ పుండులో ఈగలు వాలి పురుగులు పడతాయి. గోగునార తాడో, నూలు పలుపో వాడితే ఆ బాధ ఉండదు. తెగినది పెంటకుప్పలో వేస్తే ఎరువులో కలిసిపోతుంది. ప్లాస్టిక్ తాడు ముక్కలు గడ్డితో పాటు పశువు కడుపులోకి పోతాయి. కుక్క మేత ఖాళీ ప్యాకెట్లు, ముడి వేసిన కవర్లలో మిగిలిన తిండి రోడ్డు పక్కన పడేసినా అదే జరుగుతుంది.

పిట్టలకు

ప్లాస్టిక్ సీసా కోసి వేలాడదీసే నీళ్ల డబ్బాలు ఎండకు వేడెక్కుతాయి, పెళుసై విరుగుతాయి. అంచు తక్కువ ఉన్న మట్టి మూకుడు నీడపట్టున, పిల్లి ఎక్కలేని ఎత్తులో పెట్టండి. రెండంగుళాల లోతు చాలు, మధ్యలో ఒక రాయి పెడితే చిన్న పిట్టలు నిలబడి తాగుతాయి. తిండికి పాలిష్ అన్నం కంటే నూకలు, జొన్నలు, కొర్రలు మంచివి. సంక్రాంతికి గాలిపటం కొనేటప్పుడు చైనా మాంజా వద్దు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించినా ఇంకా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. గాజుపొడి అద్దని మామూలు నూలు దారం అడిగి కొనండి. పండుగ అయ్యాక డాబా మీద, చెట్టు కొమ్మల్లో చిక్కుకున్న దారం కూడా తీసి చుట్టేయండి. మూకుడులో నీళ్లు రెండు రోజులకోసారి మొక్కలకు పారబోసి, కొబ్బరి పీచుతో తోమి కొత్తవి పోయాలి. నీళ్లు ఎక్కువ రోజులు నిలిస్తే వాటిలో దోమలు పెరుగుతాయి.